ఆరవ స్థానం చిక్కు విప్పిన ముగ్గురికి కృతజ్ఞతలు

డిగ్రీ విద్యార్థుల కోసం జన్యుశాస్త్ర పాఠం రాస్తూ ఒక సందేహం దగ్గర వారం రోజులు ఆగిపోయిన నాకు ఓపికగా దారి చూపిన ముగ్గురికి, అంటే ఒక విశ్రాంత జీవరసాయన ఆచార్యులకు, ఒక రక్తవ్యాధుల వైద్యురాలికి, ఒక పరిశోధక విద్యార్థికి, అందరి ఎదుట కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ అయిన హిమోగ్లోబిన్ బీటా గొలుసులోని 146 అమైనో ఆమ్లాలలో ఆరవదైన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడమే సికిల్ సెల్ వ్యాధికి మూలమని, ఈ తేడాను 1950లలో వెర్నన్ ఇన్‌గ్రామ్ కనుగొన్నారని నాకు తెలుసు. అయితే అదే స్థానంలో లైసిన్ చేరినప్పుడు, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పే సంక్రమించినా, సాధారణంగా స్వల్ప రక్తహీనత మాత్రమే కలుగుతుంది. రుణావేశం పోయి ధనావేశం వచ్చే ఈ రెండవ మార్పే పెద్దది కదా, మరి హాని తక్కువెందుకు అన్నది నా ప్రశ్న.

మార్పు పరిమాణాన్ని కాదు, అది జరిగిన చోటును, ఆ చోట కొత్తగా వచ్చినదాని స్వభావాన్ని చూడమని ఆచార్యులవారు నా ప్రశ్ననే సరిదిద్దారు. ఆరవ స్థానం అణువు ఉపరితలం మీద ఉంటుంది. నీటికి దూరంగా ఉండే స్వభావం గల వాలీన్ అక్కడ చేరితే, ఆక్సిజన్‌ను వదిలిన పక్క హిమోగ్లోబిన్‌లో ఏర్పడే, అదే స్వభావం గల చిన్న గుంటలో అది చక్కగా ఒదుగుతుంది. అలా ఒకదానికొకటి తగులుకుంటూ అణువులు పొడవైన పోగులుగా పేరుకొని ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచుతాయి. ఆవేశం గల లైసిన్ ఆ గుంటలో ఇమడదు కనుక ఆ పోగులు ఏర్పడవు. ఇంత సూటిగా చెప్పిన పుస్తకం నాకు ఇంతవరకు తారసపడలేదు.

ప్రయోగశాల నివేదికలో ఇదే మార్పు ఏడవ స్థానంలో జరిగినట్టు ఉండడం చూసి అచ్చుతప్పనుకున్నాను. గొలుసు తయారవుతుండగానే తొలగిపోయే మొదటి మెథియోనిన్‌ను కూడా నేటి నామకరణ పద్ధతి లెక్కిస్తుందని వైద్యురాలు వివరించకపోతే ఆ అపోహ పాఠంలోకి ఎక్కేది.

మార్పు పరిమాణాన్ని బట్టి హానిని అంచనా వేయలేమనడానికి పరిశోధక విద్యార్థి రెండు ఉదాహరణలు చేర్చారు. జన్యువులో గ్లుటామిక్ ఆమ్లాన్ని సూచించే జిఏజి అన్న మూడక్షరాల సంకేతం జిఏఏగా మారినా వచ్చేది గ్లుటామిక్ ఆమ్లమే కాబట్టి గొలుసు మారదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిలో తరచుగా కనిపించే మార్పులోనైతే ఒక ప్రోటీన్‌లో 508వ స్థానంలోని ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటి లోపించినందుకే ఆ ప్రోటీన్ సరిగా మడత పడదు. కొంత పని చేయగలిగేదే అయినా, దానిలో అధిక భాగాన్ని తన పొర దాకా చేరకముందే కణమే నాశనం చేస్తుంది.

గుంటలో వాలీన్ ఒదిగే తీరును చేత్తో గీసి పంపి, దానిని పాఠంలో వాడుకోవడానికి అనుమతించినందుకు ఆచార్యులవారికి మరొకసారి నమస్కారాలు. ఆ బొమ్మ ఇప్పుడు పాఠం మొదటి పుటలోనే ఉంది.