మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం. పార్కు గేటు, వీధి దీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఫోటోలు గ్రూపులో ఎప్పటికప్పుడు పెట్టాం కాబట్టి వాటి జోలికి మళ్లీ పోవడం లేదు. ఈ ఏడాది మన కష్టమంతా విపత్తు కమిటీ మీదే పెట్టాం, అందుకే ఈ నివేదిక కూడా ఎక్కువగా దాని గురించే.

2020 అక్టోబర్ వానల్లో కింది వీధి సెల్లార్లు మునిగినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో మనలో ఒక్కరికీ తెలియలేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేదు. అందుకే పోయిన ఎండాకాలంలో కమిటీ వేసుకున్నాం, ముందుగా ఎవరి బాధ్యత ఏమిటో తెలుసుకుందామని 2005 విపత్తు నిర్వహణ చట్టం తెప్పించి చదివాం. జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన ఒక సంస్థ ఉంటుంది, జిల్లా ప్లాన్ తయారు చేయించేది అదే. మున్సిపాలిటీలాంటి స్థానిక సంస్థ తన సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, సామాన్లు వాడటానికి సిద్ధంగా ఉంచాలి, ఆపద వచ్చాక సహాయ పనులు చూడాలి. 2025 సవరణతో రాష్ట్ర రాజధానులకు, కార్పొరేషన్ ఉన్న నగరాలకు విడిగా ఒక విపత్తు సంస్థ పెట్టుకునే వీలు వచ్చింది, దానికి మున్సిపల్ కమిషనరే అధ్యక్షుడు, కలెక్టర్ ఉపాధ్యక్షుడు.

బాగానే ఉంది. కానీ నగరం మొత్తానికి వేసిన ప్లాన్‌లో మన కింది వీధిలో మంచం దిగలేని పెద్దాయన ఏ ఇంట్లో ఉన్నారో రాసి ఉండదు కదా. అది మనమే రాసుకోవాలి. రెండు వారాలు ఇల్లిల్లూ తిరిగి రాశాం. నడవలేనివాళ్లు ఎవరు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎవరు, ఆక్సిజన్ మెషీన్ ఎవరింట్లో ఉంది, కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఆపాలంటే ఎవరికి చెప్పాలి, అన్నీ ఒక రిజిస్టర్‌లోకి ఎక్కించాం. ఆడవాళ్లు లోపలికి వెళ్లి అడగబట్టే చాలా ఇళ్లలో నిజం చెప్పారు, ఆ మాట ఇక్కడ రాయకపోతే తప్పవుతుంది.

ఇక సెప్టెంబర్ 26 రాత్రి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు, మూసీ ఉప్పొంగింది, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులు ఇరుక్కుపోయారు. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో దాదాపు 15,000 మంది పోయారనీ, అలాంటిది మళ్లీ రాకూడదనే ఈ రెండు చెరువులు కట్టారనీ మనకు తెలిసిందే. కానీ చెరువు నిండితే గేటు ఎత్తక తప్పదు, ఎత్తితే కిందివాళ్లకు ముందే కబురు అందాలి. మన నాలా వెళ్లి కలిసేది మూసీలోనే. మూసీ నిండుగా ఉంటే నాలా నీళ్లు ముందుకు పోవు, వెనక్కి తన్నుతాయి. ఆ రాత్రి జరిగింది అదే.

పదిన్నరకు కింది వీధిలో మోకాలి లోతు నీళ్లు. అధికారుల నుంచి మాకు ఒక్క ఫోన్ రాలేదు. టీవీలో గేట్ల వార్త చూసిన రెండో వీధి అక్క మమ్మల్ని లేపింది. లైన్‌మన్ అన్న వెంటనే వచ్చి కరెంటు ఆపాడు. బతుకమ్మ కోసం హాల్లో పెట్టిన మైకును కారు బ్యాటరీకి తగిలించి వీధంతా తిరుగుతూ చెప్పాం. రిజిస్టర్ తీసి ముందు నడవలేనివాళ్ల ఇళ్లకు వెళ్లాం. పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పిల్లలు ఎత్తుకొచ్చారు. ఆక్సిజన్ మెషీన్ ఉన్న అమ్మను 108లో ఆస్పత్రికి పంపాం. ఒంటిగంట లోపు 23 కుటుంబాలు హాల్లో ఉన్నాయి. రెస్క్యూ టీమ్ పడవ వచ్చేసరికి తెల్లారింది, ఊరంతా అదే పరిస్థితి కాబట్టి వాళ్లను తప్పుపట్టను. ఎవరికీ ప్రాణాపాయం జరగలేదు. ఈ సంఘంలో ఇన్నేళ్లుగా చేసిన పనుల్లో నాకు ఇంత గర్వంగా అనిపించింది ఇంకొకటి లేదు.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలి. ఆ నలుగురు పిల్లలకు, లైన్‌మన్ అన్నకు, రాత్రంతా ఉప్మా, చాయ్ చేసిన మహిళా బృందానికి, దుప్పట్లు ఇచ్చిన మసీదు కమిటీకి, గుడి కమిటీకి, బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులకు. వాళ్లకు రెండు రోజులు భోజనం పెట్టడం తప్ప మనం ఏమీ చేయలేకపోయాం, అది సరిపోదు.

బాధ కలిగించినవీ రాయాలి. వలంటీర్లుగా 40 మంది పేర్లు ఇచ్చారు, ఆ రాత్రి వచ్చింది 11 మంది. ఊళ్లో లేనివాళ్ల సంగతి వేరు, ఇంట్లోనే ఉండి ఫోన్ ఎత్తనివాళ్లు ఉన్నారు. జూన్‌లో పెట్టిన మాక్ డ్రిల్‌కి తొమ్మిది మందే వచ్చారు, అప్పుడే నాకు అర్థం కావాల్సింది. నాలా పూడిక తీయమని వేసవిలో మూడు అర్జీలు ఇచ్చాం. వెళ్లిన ప్రతిసారీ కొత్త అధికారి, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం. ఇసుక బస్తాలు పంపుతామన్నారు, ఇప్పటికీ రాలేదు.

లెక్కల విషయం: వసూలైన చందాలు 1,86,000 రూపాయలు, ఖర్చు 1,71,400, మిగిలింది బ్యాంకులో ఉంది. బిల్లులు కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు.

రిజిస్టర్‌ను మే నెలలో మళ్లీ సరిచూడాలి, అద్దెకుండేవాళ్లు మారిపోయారు. వీధికి ఇద్దరు చొప్పున కావాలి, ఫోన్ ఎత్తేవాళ్లే పేర్లు ఇవ్వండి. ఇప్పటికి మొదటి వీధి నుంచి ఇద్దరు, కింది వీధి నుంచి నలుగురు ఇచ్చారు. రెండు, మూడు వీధుల వాళ్లు మీటింగ్‌లోనే చెప్పండి.

మీ కార్యదర్శి