టెండరులో గుడ్డుకు నిబంధన ఉంది, కోడికి లేదు

రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా చిన్నోడు బడి భోజనంలో గుడ్డు లేకపోతే ఇంటికొచ్చి అలుగుతాడు. కాబట్టి గుడ్లు ఆపమని రాయడం లేదండీ, ఆ గుడ్లు పెట్టే ఫారం కోళ్ల గురించి రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం గుడ్లు తగ్గిపోయిన ఫారం కోళ్లను ఊళ్లోకి ఆటోలో తెచ్చి అమ్మారు. కూరకని మా అత్త ఒకటి కొన్నది. మెడ మీద ఈకల్లేవు. ముక్కు కొస కత్తిరించి ఉంది. గోళ్లు పెరిగి వంకర్లు తిరిగాయి. వాకిట్లో వదిలితే పారిపోలేదు, రెండడుగులేసి కూలబడింది. నాటుకోడిని పట్టాలంటే వీధంతా ఉరకాలి కదా! అత్త కత్తి పక్కన పెట్టేసింది. నాలుగో రోజు అది పొయ్యి బూడిదలో పొర్లింది. లేచి విదిలించుకుని మళ్లీ పొర్లింది. వారం తిరక్కుండా మా పెట్టలతో కలిసి దిబ్బ కెలికింది. ఎవరూ నేర్పలేదు.

ఫారంలో తీగల కేజ్‌లో ఒక్కో కోడికి దక్కేది ఏ4 కాగితమంత చోటు కూడా కాదు. అందులోనే ఏడాదికి పైగా నిలబడి గుడ్లు పెట్టాలి. జంతువును కదలడానికి వీల్లేనంత ఇరుకు బోనులో పెట్టకూడదని 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే చెబుతోంది. 2017లో, చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ గుడ్ల కోళ్లు, మాంసం కోళ్ల మీద ఒక నివేదిక ఇచ్చింది. యూరప్ దేశాల కూటమి పాత తరహా కేజ్‌లను 2012 నుంచే నిషేధించింది.

ఫారం రైతును తిట్టను. దాణా ఖర్చు అతని చేతిలో లేదు, గుడ్డు రేటూ లేదు. ఇక టౌన్లో ఎర్ర గుడ్డయితే నాటుదేనని ఎక్కువ పెట్టి కొంటున్నారు. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, ఆ కోడీ కేజ్‌లోదే కావచ్చు. ఎలా పెంచారో ట్రే మీద రాయించండి.

బడులకు, అంగన్‌వాడీలకు రోజూ లక్షల్లో గుడ్లు కొనేది ప్రభుత్వమే. గుడ్డు బరువు చూస్తారు, కోడి సంగతి అడగరు. టెండరు మా శాఖది కాదని మీరంటారేమో, కోడి మాది కాదని విద్యాశాఖ అంటుంది! ఇద్దరూ కూర్చుని ముందు ఒక్క మండలానికి కేజ్ లేని గుడ్లే కొనండి. రేటు ఎక్కువే పడుతుంది, ఆ తేడా ప్రభుత్వం భరించాలి. పొదుపు సంఘాలకు గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లిచ్చి, గుడ్లు మా దగ్గరే తీసుకోండి.

ఆ మండలం మాదైనా సరే. మా సంఘంలో పదకొండు మంది సిద్ధం. కుక్కల బాధకు షెడ్డు చుట్టూ మెష్ మాత్రం ఇప్పించండి.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
అనంతపురం జిల్లా