పాత బ్యాటరీని ఎవరికివ్వాలో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

వాడేసిన రీచార్జబుల్ బ్యాటరీల నుంచి విలువైన లోహాలు తీయడం గురించి పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివాను. సంతోషమే. కానీ ఆ బ్యాటరీ ఇంట్లోంచి ఫ్యాక్టరీ దాకా ఎలా చేరుతుందో ఒక్క ముక్క కూడా లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

లోహాలు తీయడం తెలియని విద్యేం కాదు. చార్జి దించేసి నుజ్జు చేస్తే నల్లటి పొడి వస్తుంది. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి కోబాల్ట్, నికెల్, లిథియం విడదీస్తారు. యూరోపియన్ యూనియన్ 2023 చట్టం ప్రకారం 2027 చివరికి రీసైక్లింగ్‌లో కోబాల్ట్, నికెల్ 90 శాతం రాబట్టాలి. అదే గడువుకి ఆ చట్టం చిన్న బ్యాటరీల సేకరణకు పెట్టిన లక్ష్యం 63 శాతమే. ఎక్కడ వెనకబడ్డామో ఇంతకంటే చెప్పాలా?

కారు లెడ్ బ్యాటరీలు దాదాపు అన్నీ వెనక్కి వస్తాయి. పాతది ఇస్తే డబ్బు ముడుతుంది కాబట్టి. ఫోన్ బ్యాటరీకి ఆ ఏర్పాటు ఎందుకు లేదు? ఉబ్బిపోయి ఫోన్ మూతను పైకి లేపిన బ్యాటరీని ఏం చేయాలో తెలియక జనం చెత్తలో పడేస్తున్నారు. చెత్తబండిలో అది నలిగితే లోపలి పలుచటి పొర చిరిగి మంట లేస్తుంది. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. అది పీల్చేది పారిశుద్ధ్య కార్మికుడు, ప్రకటనలు చేసే అధికారి కాదు. అధికారులు పాత బ్యాటరీలు వేసే డబ్బా పెట్టి ఫొటో దిగి వెళ్లిపోతారు, అది నిండాక ఖాళీ చేసే దిక్కుండదు. ఏ పథకం చూసినా ఇదే వరస, విసుగొస్తోంది.

కంపెనీలూ తక్కువ తినలేదు. ఒకప్పుడు మూత గోటితో లాగితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. ఇప్పుడు జిగురుతో అతికించేస్తున్నారు. విడదీసే కష్టం రీసైక్లింగ్ చేసేవాడిది.

ఇంకో మాట. అన్ని బ్యాటరీల్లోనూ నిధి ఉందన్నట్టు రాశారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో కోబాల్టూ ఉండదు, నికెలూ ఉండదు. లాభం తక్కువైన వాటిని ఎవరూ తమంతట తాము ఏరుకోరు. అమ్మినవాళ్లే వెనక్కి తీసుకోవాలని గట్టిగా పట్టుబట్టాలి.

తర్వాతి వ్యాసంలో పాత బ్యాటరీలు ఎక్కడ ఇవ్వాలో, తీసుకోకపోతే ఎవరిని అడగాలో రాయండి. ఈలోగా వాటి కొనలకు టేపు అంటించి, ఇనుప వస్తువులకు దూరంగా ఉంచమనైనా ఒక పెట్టెకట్టి వార్త వేయండి.

– ఒక పాఠకుడు