బ్రిటన్ హోం మంత్రి గారికి బహిరంగ లేఖ: ఐదేళ్ల మాట నిలబెట్టండి

గౌరవనీయులైన హోం మంత్రి గారికి నమస్కారం.

విడిగా రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

వృద్ధులను చూసుకునే మనుషులు చాలక 2022 ఫిబ్రవరిలో మీ దేశమే కేర్ వర్కర్లకు వీసా ఇవ్వడం మొదలుపెట్టింది. ఐదేళ్లు పనిచేస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చన్నది అప్పటి నిబంధన. ఆ లెక్కతోనే మా తెలుగువాళ్లలోనూ ఎందరో అప్పులు చేసి వచ్చారు. 2025 నవంబరులో మీ ప్రభుత్వం మాలాంటి కేర్ వర్కర్లకు ఆ గడువును 15 ఏళ్లకు పెంచాలని, ఇప్పటికే ఇక్కడున్న వారికీ అదే వర్తింపజేయాలని ప్రతిపాదించింది.

వలసలు తగ్గించాలని మీపై ఎంత ఒత్తిడి ఉందో తెలుసు. వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ బలపడటం మేమూ చూస్తున్నాం. కొత్తగా వచ్చేవారికి ఏ నిబంధన పెట్టాలన్నది మీ నిర్ణయం.

మా సంగతి వేరు. మా వీసా యజమాని చేతిలో ఉంటుంది. జీతం కోసినా, వరసగా నైట్ షిఫ్టులు వేసినా నోరెత్తలేం. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరో స్పాన్సర్ (వీసాకు పూచీపడే యజమాని) దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఈ టెన్షన్ ఐదేళ్లయితే పళ్ల బిగువున భరిస్తాం. పదిహేనేళ్లంటే పిల్లల బాల్యమంతా అందులోనే గడిచిపోతుంది.

మార్పుకు ముందే వచ్చినవారికి పాత ఐదేళ్ల గడువే ఉంటుందని పార్లమెంటులో స్పష్టంగా ప్రకటించండి. వీసాను ఒకే యజమానికి కట్టేసే పద్ధతినీ సడలించండి.

ఇట్లు,
ఒక తెలుగు కేర్ వర్కర్