ఊదా కప్ప పక్కన ముళ్ళ ఎలుకకూ చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పడమటి కనుమల అరుదైన జీవుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల్లో ముందుగా కనిపించేది ఊదారంగు కప్ప బొమ్మే. ఆ గౌరవం దానికి తగినదే. ఏడాదిలో అధికభాగం నేల అడుగునే ఉండి, మొనదేలిన ముక్కుతో చెదపురుగులను వెతికి తినే ఆ కప్ప, వానాకాలం మొదట్లో గుడ్లు పెట్టడానికి మాత్రం కొద్ది రోజులు పైకి వస్తుంది. దాని తోకకప్పలు జోరుగా పారే వాగుల్లో కొట్టుకుపోకుండా నోటితోనే బండను గట్టిగా పట్టుకుని బతుకుతాయి. ఆ పిల్లల వర్ణన 1918లోనే అచ్చయినా, పెద్ద కప్పకు శాస్త్రీయ నామం 2003లో గాని దక్కలేదు. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపున్న సీషెల్స్ దీవుల కప్పలు దీనికి దగ్గరి చుట్టాలని తేలడంతో ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది.

అదే కనుమల్లో, ఆ కప్పకన్నా 144 ఏళ్ళ ముందే, అంటే 1859లోనే, జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ పేరు పెట్టిన మలబారు ముళ్ళ ఎలుకను ఎందరు గుర్తుపడతారు? వీపు మీద మెత్తని బొచ్చు మధ్య చదునైన ముళ్ళు, తోక చివర తెల్లని కుచ్చు, పగలంతా చెట్టు తొర్రలో నిద్ర, రాత్రి కొమ్మల మీద సంచారం: ఇదీ దాని తీరు. దాని దగ్గరి బంధువులు కూడా ఇక్కడ లేవు. దక్షిణ చైనా, వియత్నాం అడవుల్లో ఉన్నాయి. చుట్టరికం ఎంత దూరాన ఉందన్నదే గొప్పతనానికి కొలమానమైతే, ఎలుక కప్పకు తీసిపోదు.

తేడా అంతా పేరులోనే ఉందని నా అభిప్రాయం. కప్ప వింతగా కనిపిస్తుంది. రెండోది "ఎలుక" అనగానే మనకు ధాన్యపు బస్తాలూ బోనులూ గుర్తుకొస్తాయి. పైగా మిరియాలు తింటుందన్న అపవాదు దానికి ఎప్పటినుంచో ఉంది. నిజానికి ఆందోళన ఎలుక విషయంలోనే ఎక్కువగా ఉండాలి. కప్ప ఏలకుల తోటల్లోనూ కొంతవరకు నెగ్గుకొస్తుంది గాని, తొర్రలున్న ముదురు చెట్లను నరికివేసిన చోట ఈ ఎలుకకు పగటిపూట తలదాచుకునే చోటే మిగలదు.

వచ్చే వానాకాలంలో ఊదా కప్ప గురించి మీరు రాసేటప్పుడు, అదే పుటలో ఈ ఎలుక బొమ్మనూ వేసి, ముదురు చెట్ల తొర్రలతో దానికున్న సంబంధాన్ని పాఠకులకు వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు