పేరు రాయొద్దన్న మా కోచ్ మేడంకి

మేడం, ఈసారి బతుకమ్మ పండక్కి, మొదటి రోజైన పెత్రమాస (మహాలయ అమావాస్య) నాటికే నేను హనుమకొండలో అమ్మ దగ్గర ఉన్నానంటే అది మీ చలవే.

ఆఫీసులో సెలవు అడగాలంటేనే నాకు టెన్షన్. మీరు సలహాలు ఇవ్వలేదు, ప్రశ్నలే అడిగారు. ‘నువ్వు లేకపోతే నిజంగా ఏ పని ఆగిపోతుంది? రాసి చూపించు’ అన్నారు. రాస్తే ఒక్కటే తేలింది! మేనేజర్‌తో ఏం మాట్లాడాలో మీ ముందే పదేపదే అనిపించారు: ఏ తేదీలు, పని ఎవరికి అప్పగిస్తున్నాను, అంతే. సంజాయిషీలు వద్దన్నారు. అడిగాను, ఇచ్చారు. ఆ ధైర్యం ఇప్పుడు మీటింగుల్లో కూడా పనికొస్తోంది.

మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా ఊళ్లోనే ఉన్నాను. ఈ శరదృతువు ఎండ ఎంత బాగుంటుందో! వాకిట్లో గునుగుపూల కొసలు కత్తిరించి రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాం. మా పాప వేళ్లన్నీ గులాబీ రంగే. అమ్మ తాంబాలంలో గుమ్మడాకు పరిచి, తంగేడు, బంతి వరుసలు పేరుస్తూ, మధ్యలో కూరిన ఆకులు జారకుండా ఎలా అదమాలో దానికి నేర్పింది. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మూడు తరాలం కలిసి ఆడాం. అమ్మకు మోకాళ్ల నొప్పి, అయినా చివరిదాకా చప్పట్లు ఆపలేదు.

మీకు చాలా చాలా థ్యాంక్స్ మేడం. అమ్మ చేసిన నువ్వుల సత్తుపిండి, మలీద పంపిస్తున్నాను. కాదనకండి.