ఇల్లు చేరిన పాత్రల మీద ఇంత కోపమా?

సంపాదకుడికి,

పెద్దయ్యాక బతుకు కుదరక అమ్మానాన్నల ఇంటికి తిరిగొచ్చి చిన్నప్పటి గదిలో తలుపేసుకునే పాత్ర కనిపిస్తే చాలు, ‘ఎదగని మనిషి’, ‘బాధ్యత లేని పాత్ర’ అని మీ సినిమా పేజీ సమీక్షల్లో తేల్చేస్తున్నారు. ఆ పాత్రల్లో తప్పులు లేవని నేను అనను. కానీ తప్పులున్న మనిషిని చూపించడం సినిమా తప్పెలా అవుతుంది?

2011లో వచ్చిన ‘యంగ్ అడల్ట్’ చూడండి. చార్లీజ్ థెరాన్ వేసిన మేవిస్‌కి 37 ఏళ్లు. విడాకులయ్యాయి, తాగుడు ముదిరింది. సొంతూరికి వెళ్లి, పెళ్లయి పసిబిడ్డ కూడా ఉన్న పాత ప్రియుణ్ణి మళ్లీ దక్కించుకోవాలని చూస్తుంది. చాలా చెడ్డ పని. అదే మేవిస్ అమ్మానాన్నలతో కలిసి భోంచేస్తూ, తాను తాగుబోతునయ్యానేమోనని అనేస్తుంది. వాళ్లు ఆ మాటను అక్కడికక్కడే కొట్టిపారేస్తారు. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే బాధగా అనిపించిన చోటు అది. సాయం అడగడం చేతకాని మనిషి ఎట్టకేలకు నోరు తెరిస్తే, వినాల్సినవాళ్లకు అది వినబడలేదు. వాళ్లకు కావలసింది ఒకప్పటి కూతురు. ఎదురుగా కూర్చున్న మనిషి వాళ్లకు కనబడనేలేదు. ఇంత చూశాక కూడా ఆమెను ‘భరించలేని పాత్ర’ అని ఒక్క ముక్కలో ఎలా కొట్టేయగలం?

1967 నాటి ‘ద గ్రాడ్యుయేట్’లోనూ ఇదే. చదువు ముగించి ఇంటికొచ్చిన బెంజమిన్‌కి పుట్టినరోజున డైవింగ్ సూట్ తొడిగి అతిథుల ముందు ప్రదర్శిస్తారు. అతను ఈతకొలను అడుక్కి వెళ్లి అక్కడే నిలబడిపోతాడు. అది బద్ధకమా? అతనికేం కావాలో ఆ ఇంట్లో ఒక్కరైనా అడిగారా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 40 దగ్గరపడ్డ ఇద్దరు మగవాళ్లు తల్లిదండ్రుల ఇంట్లో పిల్లల్లా కొట్టుకుంటే (2008 నాటి ‘స్టెప్ బ్రదర్స్’) హాయిగా నవ్వుకుంటాం. ఆడమనిషి అలా వెనక్కి వస్తే మాత్రం ఆమె నడవడిక మీద తీర్పు చెప్పేస్తాం. ఇది అన్యాయం.

బయట పరిస్థితి కూడా చూడాలి. కరోనా వచ్చిన 2020లో, జులై నాటికి అమెరికాలో 18 నుంచి 29 ఏళ్ల వయసువాళ్లలో 52 శాతం మంది తల్లిదండ్రుల దగ్గరే ఉన్నారని అక్కడి పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క తేల్చింది. ఉద్యోగాలు పోయాయి, కాలేజీలు మూతపడ్డాయి. వాళ్లందరినీ సోమరులంటామా?

‘చివరికైనా ఆమె మారలేదు’ అన్నది మేవిస్ మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. నిజమే, పెద్దగా మారదు. చివర్లో అందరూ బాగుపడిపోయే కథలు మనకు కొదవా? మారని మనిషిని మారనట్టే చూపించిన రచయిత్రి డయాబ్లో కోడీ, దర్శకుడు జేసన్ రైట్‌మన్‌లది ధైర్యమే అంటాను. ఇలాంటి సినిమాలకు మార్కులు కోసే ముందు, ఆ పాత్ర దేన్నుంచి పారిపోయి వచ్చిందో, వచ్చాక ఆ ఇంట్లో ఏం దొరికిందో కూడా రాయమని మీ సినిమా పేజీ సమీక్షకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు